పెడల్ కంట్రోళ్ల మరమ్మతు డైరీ: అమలాపురం బల్ల మీద నాలుగు పెడళ్లు

జులై 3

ఈ వారం బల్ల మీదికి నాలుగు గిటార్ పెడళ్లు (కాలితో తొక్కి గిటార్ శబ్దాన్ని మార్చే పెట్టెలు) చేరాయి. గుర్తు కోసం నంబర్లు వేశాం.

ఒకటి: ఆకుపచ్చ ఓవర్‌డ్రైవ్ (శబ్దాన్ని కాస్త బొంగురు చేసేది). ట్యూబ్ స్క్రీమర్ సర్క్యూట్ మీద కట్టిన పెడల్. డ్రైవ్ తిప్పితే గరగర. టోన్ షాఫ్ట్ మెడ దగ్గర విరిగి నాబ్‌తో పాటే ఊడి వచ్చింది. రెండు: మూడు నాబ్‌ల ఫజ్ (శబ్దాన్ని బాగా చీల్చేది), బిగ్ మఫ్ సర్క్యూట్. అంతర్వేది దగ్గరి ఒక చర్చి పాటల బృందానిది. వాల్యూమ్ ఉన్నట్టుండి పోతుంది, నాబ్‌ను పక్కకు నొక్కితే తిరిగొస్తుంది. మూడు: ఒంటి నాబ్ ఫేజర్ (శబ్దం అలలా ఊగేలా చేసేది), ఫేజ్ 90 సర్క్యూట్. నరసాపురం ఆర్కెస్ట్రా వాళ్లది, పంటు మీద గోదావరి దాటి వచ్చింది. నాబ్ ఎంత తిప్పినా స్పీడు మారదు. నాలుగు: క్లీన్ బూస్ట్ (శబ్దాన్ని ఉన్నదున్నట్టే పెంచేది). లెవెల్ తిప్పుతుంటే స్పీకర్‌లో కరకర.

తెచ్చిన వాళ్లందరిదీ ఒకటే మాట: "కంట్రోలు పోయిందండి." కంట్రోలే పోయిందా, దాని వెనక ఇంకేదైనా పోయి కంట్రోలు మీదికి నేరం వచ్చిందా అన్నది ముందు తేలాలి. మూడో పెడల్ వినాయక చవితి ప్రోగ్రాములకు కావాలి. మిగతావాటికి తొందర లేదు.

ఈ డైరీలో పొటెన్షియోమీటర్‌ని, అంటే నాబ్ తిప్పితే రెసిస్టెన్స్ మారే భాగాన్ని, కంట్రోలు అనే రాస్తున్నాం. మన షాపుల్లో ఆ పేరుతో అడిగితేనే దొరుకుతుంది. "పొటెన్షియోమీటర్ ఉందా" అంటే చాలాచోట్ల లోపలి నుంచి ప్రీసెట్లు (స్క్రూడ్రైవర్‌తో తిప్పే బుల్లి కంట్రోళ్లు) తెచ్చి పెడతారు.

జులై 4

ముందు నాలుగో పెడల్. విప్పకుండా క్లీనర్ కొట్టేస్తే సరిపోతుందనిపించే కేసు ఇదే. అందుకే దీన్నే ముందు పట్టాం.

9 వోల్టులు ఇచ్చి, మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి, నల్ల ప్రోబ్ గ్రౌండ్‌కి, ఎర్ర ప్రోబ్ లెవెల్ కంట్రోలు పై కాలికి తగిలించాం. ఇక్కడ రావాల్సింది సున్నా. వచ్చింది 0.6 వోల్టులు, అదీ నిలకడ లేకుండా. ఇక కంట్రోలు మార్చినా ఉపయోగం లేదు. లోపలి సర్క్యూట్ సరఫరాలో సగం, అంటే 4.5 వోల్టుల మీద నడుస్తుంది. ఆ డీసీ బయటికి రాకుండా ఆపేది మధ్యలో ఉన్న కప్లింగ్ కెపాసిటర్. అది కారితే డీసీ కంట్రోలు మీదికి వస్తుంది. మధ్య కాలికి కలిసి ఉండే వైపర్, ట్రాక్ అనే కార్బన్ పట్టీ మీద కదిలిన ప్రతిసారీ ఆ డీసీ తునకలు తునకలుగా తెగి కరకరమంటుంది. కొత్త కంట్రోలు వేసినా అదే గొడవ. పైగా కొత్తది కూడా "డూప్లికేట్" అని పేరు పడుతుంది.

ఆ 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ తీసి, 25 వోల్టుల కొత్తది వేశాం. ప్లస్ కాలు 4.5 వోల్టులున్న వైపు. మళ్లీ కొలిస్తే 3 మిల్లీవోల్టులు. కరకర పోయింది. పాత కంట్రోలే ఉంచేశాం.

ఒక జాగ్రత్త. కొన్ని సర్క్యూట్లలో కంట్రోలు కాళ్ల మీద కావాలనే 4.5 వోల్టులు ఉంటాయి. రెండు చివరలా ఒకే వోల్టేజి ఉంటే తప్పు కాదు. ఒక చివరకీ ఇంకో చివరకీ తేడా ఉంటేనే అనుమానించాలి.

జులై 5

రెండో పెడల్ విప్పాం. సముద్రపు గాలి తగిలిన సామాను మూత తీయగానే తెలిసిపోతుంది. నట్ల కింద తెల్ల పొడి, కంట్రోళ్ల ఇత్తడి రివెట్ల చుట్టూ పచ్చని చిలుము. కాళ్ల మీది వెండి పూత నల్లబడింది.

వాల్యూమ్ కంట్రోలు వైర్లు విప్పి బయటికి తీసి కొలిచాం. బోర్డుకి తగిలి ఉండగా కొలిస్తే పక్కనున్న రెసిస్టర్లు కూడా లెక్కలోకి వచ్చి తక్కువ చూపిస్తుంది. కనీసం రెండు కాళ్లయినా ఊడదీయాలి. చివరి కాళ్ల మధ్య 97కే (కే అంటే కిలో ఓమ్‌లు). బాగానే ఉంది అనుకునేలోపు, కాలిని వేలితో కదిపితే రీడింగు ఎగిరిపోయింది. ట్రాక్ బాగానే ఉంది. ట్రాక్‌కీ కాలికీ మధ్యనున్న రివెట్ వదులైంది. చిలుము రివెట్ కిందికి పాకితే జరిగేది ఇదే. రివెట్‌ని సూదిమొన ప్లేయర్‌తో నొక్కి బిగిస్తే నెల రోజులు నడుస్తుంది, తర్వాత మళ్లీ అదే. ఇలాంటిది మార్చేయడమే.

సస్టెయిన్, టోన్ కంట్రోళ్ల రివెట్లు గట్టిగా ఉన్నాయి, కాస్త గరగర మాత్రమే. కాళ్ల దగ్గరి సందులోంచి కాంటాక్ట్ క్లీనర్ చిన్న చిమ్ము, షాఫ్ట్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు ముప్పైసార్లు తిప్పడం, పావుగంట ఆరనివ్వడం. టోన్‌కి అది చాలింది. సస్టెయిన్‌లో క్లీనర్‌తో పాటు పసుపు జిడ్డు బయటికి వచ్చింది. వాసన చూస్తే కొబ్బరినూనె. కోనసీమలో కంట్రోలు బిగిస్తే కొబ్బరినూనె, గరగరమంటే కొబ్బరినూనె! చలికాలం పొద్దున్నే అది గడ్డకడుతుంది, మిగతా కాలమంతా దుమ్ము పట్టుకుంటుంది. కుట్టుమిషన్ నూనె కూడా అంతే. తుప్పు వదిలించే స్ప్రేలు ఆ క్షణానికి పనిచేసినట్టు కనిపిస్తాయి గానీ నూనె పొర మిగిల్చిపోతాయి.

సస్టెయిన్ విప్పాల్సి వచ్చింది. వెనక రేకుకి నాలుగు చెవులు మడిచి ఉంటాయి. సన్న స్క్రూడ్రైవర్‌తో ఒక్కొక్కదాన్నీ కొంచెం కొంచెంగా లేపాలి, ఒకేసారి నిలబెడితే విరుగుతాయి. లోపలి ట్రాక్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడిచాం. ఎమెరీ కాగితం గానీ, రబ్బరు గానీ తగలకూడదు. కార్బన్ పొర చాలా పల్చన, రుద్దితే పోతుంది. అరిగినచోట పెన్సిల్ గ్రాఫైట్ రుద్దే చిట్కా కూడా ఉంది. రెండు వారాలు పనిచేసి, ఆ పొడి ట్రాక్ అంతా పరుచుకుని, విలువే మార్చేస్తుంది. దాని జోలికి పోలేదు.

జులై 6

ఫజ్‌కి కావాల్సింది 100కే లీనియర్, అంటే తిప్పినంత మేరా సమంగా మారేది. బిగ్ మఫ్‌లో మూడూ అవే. మన చుట్టుపక్కల ఇంతకంటే తేలిగ్గా దొరికే కంట్రోలు లేదు. మైక్ సెట్లు బాగుచేసే షాపులో అడిగితే వచ్చే మొదటి ప్రశ్న: "వాల్యూమ్‌కాండి, బాస్-ట్రెబుల్‌కాండి?" దాన్ని ఇలా అర్థం చేసుకోవాలి: ఆంప్లిఫయర్లలో వాల్యూమ్‌కి లాగ్ (మొదట మెల్లగా, తర్వాత వేగంగా మారేది), బాస్-ట్రెబుల్‌కి ఎక్కువగా లీనియర్ వేస్తారు. అందుకని మన పెడల్‌లో పని వాల్యూమే అయినా "బాస్-ట్రెబుల్‌ది ఇవ్వండి" అనాలి. లేదా కంట్రోలు వీపు మీద ముద్ర చూసుకోవాలి.

ఆ ముద్ర చదవడం రెండు నిమిషాల పని. బి104 అంటే 10 పక్కన నాలుగు సున్నాలు, లక్ష ఓమ్‌లు, అంటే 100కే. 203 అంటే 20కే, 504 అంటే 500కే, 105 అంటే 1 మెగా. ముందున్న అక్షరం వంపు, అంటే తిప్పేకొద్దీ విలువ మారే తీరు. ఇప్పటి ఆసియా తయారీలో ఏ అంటే లాగ్, బి అంటే లీనియర్, సి అంటే తిరగేసిన లాగ్. పాత ఐరోపా కంట్రోళ్లలో ఏ అంటే లీనియర్ అన్నవి ఉన్నాయి. పాత టేప్‌రికార్డర్లోంచి పీకిన దాన్ని అక్షరం చూసి నమ్మకూడదు. నమ్మాల్సింది మీటర్‌నే: షాఫ్ట్‌ని సరిగ్గా సగానికి తిప్పి, ఎడమ కాలికీ మధ్య కాలికీ కొలవాలి. మొత్తంలో సగం వస్తే లీనియర్. పదో వంతు నుంచి ఆరో వంతు దాకా వస్తే లాగ్. 85 శాతం చుట్టూ వస్తే తిరగేసిన లాగ్. ఎడమ కాలు ఏదంటే: షాఫ్ట్ మన ముఖం వైపు, కాళ్లు కిందికి ఉన్నప్పుడు ఎడమది. కుడివైపుకు తిప్పితే వైపర్ కుడి కాలి వైపు పోతుంది.

షాపులో దొరికింది 16 మిల్లీమీటర్ల ఒళ్లున్న బి100కే, 20 మి.మీ. పళ్ల షాఫ్ట్. నాలుగు కొలిచి చూశాం: 91, 96, 104, 108. ఈ రకానికి 20 శాతం అటూఇటూ మామూలే కాబట్టి విలువలో అన్నీ మంచివే. 96ది తీసుకున్నాం. షాపులోనే మీటర్ పెట్టి మెల్లగా తిప్పుతూ అంకెలు దూకుతున్నాయేమో చూడటం విలువ కంటే ముఖ్యం. నాలుగింటిలో ఒకటి మధ్యలో దూకింది.

వేయడంలో చిక్కు ఎక్కడొచ్చిందంటే, నాబ్ దగ్గర. పాత షాఫ్ట్ 6.35 మి.మీ. గట్టి ఇత్తడి, నాబ్‌కి పక్క స్క్రూ. కొత్తది 6 మి.మీ., చీలిక ఉన్న పళ్ల షాఫ్ట్. పక్క స్క్రూ బిగిస్తే నాబ్ ఒక వైపుకి ఒరిగి తిరుగుతుంది, పైగా చీలిక మూసుకుపోయి షాఫ్ట్ నలుగుతుంది. కూల్‌డ్రింక్ టిన్ను రేకు 0.1 మి.మీ. చుట్టూ ఉంటుంది, ఒక చుట్టుకు వ్యాసం 0.2 పెరుగుతుంది. రెండు చుట్లు చుట్టి ఒత్తితే రేకు పళ్లలోకి దిగి నాబ్ బిగుతుగా కూర్చుంది.

షాఫ్ట్ పొడవు 8 మి.మీ. ఎక్కువైంది. కోసేటప్పుడు వైస్‌లో బిగించాల్సింది షాఫ్ట్‌నే, కంట్రోలు ఒంటిని కాదు. ఒంటిని బిగించి కోస్తే రంపం ఊపు లోపలి వైపర్ మీద పడుతుంది. రంపపు పొడి లోపలికి పోకుండా మెడ చుట్టూ టేపు.

రెండో పెడల్ అయిపోయింది.

జులై 8

మూడో పెడల్, ఫేజర్. స్పీడు కంట్రోలు బోర్డుకే అతికి ఉంది. బయటికి తీయక తప్పదు.

ఇక్కడ చాలా బోర్డులు పాడవుతుంటాయి. మూడు కాళ్లనీ ఒకేసారి కరిగించి లాగాలని చూస్తే, సీసం (కాళ్లని అతికించే టంకం) ఒక చోట కరిగి ఇంకో చోట గడ్డకట్టి, రాగి మొట్ట (కాలు అతికే చిన్న రాగి వలయం) కాలుతో పాటు లేచిపోతుంది. కంట్రోలు ఎలాగూ పోయినదే కాబట్టి దాన్ని కాపాడాల్సిన పని లేదు. కట్టింగ్ ప్లేయర్‌తో మూడు కాళ్లూ ఒంటి దగ్గర కత్తిరించి, ఒంటిని పక్కన పారేసి, మిగిలిన ముక్కల్ని ఒక్కొక్కటిగా తీశాం. ప్రతి ముక్కకీ ముందు కాస్త కొత్త 60/40 సీసం, ఫ్లక్స్ (చిలుము వదిలించి సీసం పారేలా చేసే పదార్థం). పాత సీసం చిలుముపట్టి కరగదు, కొత్తది కలిస్తే వెంటనే పారుతుంది. ఐరన్ 340 డిగ్రీలు, మొట్ట మీద మూడు సెకన్లకు మించకుండా. తర్వాత సక్కర్‌తో (కరిగిన సీసాన్ని పీల్చే పంపు) రంధ్రం శుభ్రం. అయినా మధ్య మొట్ట సగం లేచింది, పాత మరమ్మతులో ఎవరో దాన్ని ఇదివరకే కాల్చారు. దానికి తగిలే బోర్డు రాగి గీతని రెసిస్టర్ నుంచి తెంపిన తీగతో పక్క జాయింట్‌కి కలిపాం.

తీసిన కంట్రోలు ముద్ర: సి504. 500కే, తిరగేసిన లాగ్. చివరి కాళ్ల మధ్య ఓపెన్, అంటే దారి తెగిపోయింది. ట్రాక్ నిలువునా చిట్లింది.

ఈ పని మొత్తంలో దొరకడం కష్టమైన సరుకు ఇదే. మన షాపుల్లో సి అనే అక్షరమే కనపడదు. అమలాపురంలో లేదు. రాజమండ్రి, కాకినాడ, భీమవరంలో ఫోన్ చేసి అడిగితే "500కే ఉందండి" అంటారు, "వంపు ఏదండీ?" అంటే "మామూలుదేనండి". మామూలుది అంటే లీనియర్.

సి బదులు బి వేస్తే ఏమవుతుంది? స్పీడు పెరగాలంటే రెసిస్టెన్స్ తగ్గాలి. లీనియర్‌లో నాబ్ సగానికి వచ్చినా ఇంకా 250కే మిగిలి ఉంటుంది. మొదటి మూడు వంతుల్లో స్పీడు మారినట్టే ఉండదు, చివరి వంతులో ఒక్కసారి ఎగబడుతుంది. సి అయితే సగానికే 75కే చుట్టుపక్కలకు వచ్చేస్తుంది, స్పీడు చెవికి సమంగా పెరుగుతుంది.

లీనియర్‌కి పక్కన ఒక రెసిస్టర్ జోడిస్తే వంపు వస్తుందని చాలామంది చెబుతారు. వాల్యూమ్ లాగా మూడు కాళ్లూ వాడే చోట అది నిజమే. ఇక్కడ రెండు కాళ్లే పనిచేస్తున్నాయి. 1 మెగా లీనియర్‌కి 1 మెగా రెసిస్టర్ పక్కన పెడితే మొత్తం 500కే అవుతుంది, సరే. కానీ సగంలో 333కే వస్తుంది. మనకు కావాల్సింది 75. వంపు తప్పు వైపుకి వంగింది. బల్ల మీద వేసి చూశాం, లీనియర్ కంటే అధ్వానం.

పనికొచ్చే ఉపాయం ఇంకోటి: లాగ్ కంట్రోలుని తిరగేసి వాడటం. ఏ504 తీసుకుని కుడి, మధ్య కాళ్ల బదులు ఎడమ, మధ్య కాళ్లు వాడితే సగంలో రెసిస్టెన్స్ అదే 75కే చుట్టూ ఉంటుంది. వంపు అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. ఒక్కటే తేడా, నాబ్ ఎడమకు తిప్పితే స్పీడు పెరుగుతుంది. చవితికి ఆర్కెస్ట్రా స్టేజీ ఎక్కాలంటే ఇది చాలు. కానీ ఏ504 కూడా చేతిలో లేదు.

జులై 9

దొరకని వాటికి ఆర్డర్ రాసుకున్నాం. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్ రెండు చోట్లా తైవాన్ ఆల్ఫా కంట్రోళ్లు తెచ్చేవాళ్లు ఉంటారు. ఫోన్‌లో "500కే ఒకటి పంపండి" అంటే వచ్చేది మన పెడల్‌లో పట్టదు. కిలో ఓమ్ తప్పు పోయి ఆర్డర్ చెడటం అరుదు. ఒంటి సైజు, మెడ, షాఫ్ట్, కాళ్లు, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి తప్పు పోతుంది. అందుకే ఒకటో పెడల్ కంట్రోళ్లని వెర్నియర్‌తో కొలిచి రాశాం.

ఒంటి వ్యాసం 16. పక్కనే 9 మి.మీ. బుల్లివి, 24 మి.మీ. గిటార్‌లో వేసే పెద్దవి కూడా అమ్ముతారు. పెద్దది పెట్టె లోపల పక్క కంట్రోలుని గుద్దుకుంటుంది. మరలున్న మెడ వ్యాసం 7 మి.మీ., నట్టు 10 సైజు స్పానర్‌ది. పెద్ద కంట్రోళ్ల మెడ 9.5 దాకా ఉంటుంది, అది వేయాలంటే పెట్టెకి రంధ్రం పెద్దది చేయాలి. చేశామంటే మళ్లీ చిన్నది పట్టదు. మెడ పొడవు కూడా చూడాలి. పోత అల్యూమినియం పెట్టె గోడ 2.5, వాషరూ పళ్ల వాషరూ కలిపి 1. అంటే 5 మి.మీ. మెడలో మిగిలేది 1.5. మర పిచ్ 0.75 అయితే నట్టుకి దొరికేది రెండు మరలు. కాలితో తొక్కే వస్తువుకి అది చాలదు, 7 మి.మీ. పొడవున్న మెడ అడిగాం.

షాఫ్ట్: గట్టిదా, పళ్లదా, డీ ఆకారమా. పళ్లదైతే ఎన్ని పళ్లు: 18 పళ్ల షాఫ్ట్ మీద 24 పళ్ల నాబ్ సగం దిగి ఆగుతుంది. నాబ్ జేబులో వేసుకుని షాపుకి పోవడం ఉత్తమం, ఫోన్ ఆర్డరైతే ఫొటో.

కాళ్లు: వైర్ అతికించే కన్ను ఉన్నవా, బోర్డులో దిగేవా. బోర్డు కాళ్లలో 16 మి.మీ. వాటికి దూరం 5, 9 మి.మీ. వాటికి 2.5. కన్ను కాళ్లది మాత్రమే దొరికితే భయపడక్కర్లేదు. 1ఎన్4007 డయోడ్ తెంపిన తీగ దాదాపు 0.8 మి.మీ. మందం, గట్టిగా ఉంటుంది. ఒక్కో కంట్లో ఒక్కోటి మడిచి అతికిస్తే బోర్డు కాళ్లు తయారు.

ఒంటి మీద మెడ పక్కన పొడుచుకొచ్చిన చిన్న నాలుక గురించి కూడా: పెట్టెకి దానికో చిన్న రంధ్రం ఉంటే ఉంచాలి, లేకపోతే ప్లేయర్‌తో విరిచేయాలి. దాన్ని అలాగే ఉంచి నట్టు బిగిస్తే కంట్రోలు వంకరగా కూర్చుని, బోర్డు కాళ్ల మీద ఎప్పటికీ లాగుడు ఉంటుంది. కొత్తగా మార్చిన కంట్రోలు రెండు నెలల్లో మళ్లీ తిరిగొచ్చే కేసుల్లో చాలావాటికి కారణం ఆ నాలుకే.

ఆర్డర్: ఏ500కే రెండు (ఒకటి డ్రైవ్‌కి, ఒకటి ఫేజర్‌కి), సి500కే ఒకటి, బి20కే ఒకటి. బస్సు కార్గోలో వేయమన్నాం.

జులై 12

పార్సిల్ వచ్చేలోపు ఒకటో పెడల్ టోన్ చూద్దాం. ఇది 20కే, కానీ మామూలు లీనియర్ కాదు. వంపు అక్షరం జి, కొన్నిచోట్ల డబ్ల్యూ అని ఉంటుంది. రెండు చివరల దగ్గర మెల్లగా, మధ్యలో వేగంగా మారే వంపు. ఈ టోన్ సర్క్యూట్‌లో మామూలు లీనియర్ వేస్తే పని చేస్తుంది, కానీ మార్పంతా రెండు చివర్లకే పోగవుతుంది, మధ్యలో తిప్పినా తెలియదు.

ఇంకో దారి, 50కే లీనియర్‌కి చివరి కాళ్ల మధ్య 33కే రెసిస్టర్. మీటర్‌కి 19.9కే చూపిస్తుంది, సంబరపడతాం. కానీ మధ్య కాలు నుంచి చూస్తే అది ఇంకా 50కే కంట్రోలే, చివర్లకు పోగవడం ఇంకా ఎక్కువవుతుంది. మీటర్ ఒప్పుకుంది కదా అని సర్క్యూట్ ఒప్పుకోదు.

మన అదృష్టం, విరిగింది షాఫ్ట్ మాత్రమే. లోపలి ట్రాక్ పలక నిక్షేపంగా ఉంది: చివరి కాళ్ల మధ్య 19.2కే, రివెట్లు గట్టివి. అయితే పలక పాతదే ఉంచి, షాఫ్టూ మెడా ఇంకో కంట్రోలు నుంచి తెచ్చి కలపొచ్చు.

మొదట పళ్ల షాఫ్ట్ ఉన్న చవక 16 మి.మీ. కంట్రోలు విప్పి దాని షాఫ్ట్ మీద పాత పలక పెట్టాం. ఒంటి సైజు ఒకటే అయినా వైపర్ వేళ్లు తిరిగే వలయం పలక మీది ట్రాక్ కంటే కొంచెం లోపలికి పడింది. తిప్పితే రీడింగు సగం దూరం సున్నా, ఆ తర్వాత ఒక్కసారిగా 12కే. పనికిరాదు.

రెండోసారి, సామాన్ల డబ్బాలోని అదే కంపెనీ 16 మి.మీ. బి50కే. దాని వైపర్ వలయం సరిగ్గా సరిపోయింది. వెనక రేకు పాతది వాడలేదు, దాని చెవులు ఇదివరకే ఒకసారి మడిచినవి, రెండోసారికి తెగుతాయి. దాత కంట్రోలు రేకే మూశాం. వైపర్ వేళ్లకు చిటికెడంటే చిటికెడు కాంటాక్ట్ గ్రీజు. తిప్పి కొలిస్తే సగంలో 9.5కే, దూకుళ్లు లేవు. షాఫ్ట్ తిప్పేటప్పుడు కొత్తలో ఉండే జిగురు పట్టు కాస్త తగ్గింది, అది గ్రీజు కడిగేయడం వల్ల. వాడకానికి అడ్డు కాదు.

ఆర్డర్ చేసిన బి20కే ఇక సామాన్ల డబ్బాలోకే. పాత స్టాకు షాపుల్లో 22కే, 47కే, 470కే అనే విలువలు కనిపిస్తే వదలకండి. 20 శాతం అటూఇటూ లెక్కలో 22కే అంటే 20కేనే.

జులై 15

పార్సిల్ వచ్చింది. ఏ500కే రెండూ సరైనవే, కొలిస్తే 486, 512. సి500కే బదులు బి500కే వచ్చింది. సంచి మీద సి అని రాసి ఉంది, ఒంటి మీద బి504. సగంలో కొలిస్తే 251. మళ్లీ ఫోన్, మళ్లీ ఆర్డర్. అందుకే కాలు అతికించే ముందే కొలవడం. అతికించాక తిరిగి తీసుకోరు.

పొరపాటున వచ్చిన బి500కేని ఊరికే పోనివ్వలేదు. ఒకటో పెడల్ డ్రైవ్‌లో ఏ500కే స్థానంలో బి500కే వేస్తే ఎంత తేడానో క్రొకొడైల్ క్లిప్పులతో తగిలించి చూశాం. ట్యూబ్ స్క్రీమర్‌లో డ్రైవ్ కంట్రోలు, దానికి వరసగా 51కే రెసిస్టర్, కింద 4.7కే రెసిస్టర్. పెంపు లెక్క: మొత్తం రెసిస్టెన్స్‌ని 4.7తో భాగించి 1 కలపడం. డ్రైవ్ సున్నాలో దాదాపు 12 రెట్లు, నిండుగా 118 రెట్లు. నాబ్ సగంలో ఉన్నప్పుడు లాగ్‌తో 75 కలిపి 51, మొత్తం 126కే, పెంపు 28 రెట్లు. లీనియర్‌తో 301కే, 65 రెట్లు. డెసిబెల్స్‌లో 29కీ 36కీ తేడా. అంటే లీనియర్ వేస్తే నాబ్ తొమ్మిది గంటల దగ్గరే శబ్దం బాగా బొంగురైపోతుంది, ఆ తర్వాత తిప్పినా పెద్దగా పెరగదు. పెడల్ చెడిపోయిందని తిరిగి తెస్తారు. తిప్పినంత మేరా మారాలంటే లాగ్ తప్పదు.

ఏ500కేకి డయోడ్ తీగ కాళ్లు అతికించి బోర్డులో దించాం. ఒక తప్పు దగ్గరికి వెళ్లి ఆగాం: ఈ బోర్డులో కంట్రోలు రాగి వైపు నుంచి కూర్చుంటుంది. పాతదాని ఫొటో చూడకుండా దించి ఉంటే ఎడమ, కుడి కాళ్లు తారుమారై డ్రైవ్ తిరగబడేది. కంట్రోలు వీపు బోర్డు జాయింట్లకు తగలకుండా మందపాటి టేపు ముక్క. నట్టు ముందు బిగించి, కాళ్లు తర్వాత అతికించాలి. వరస తిరగేస్తే నట్టు లాగుడంతా జాయింట్ల మీద పడుతుంది.

రెండో ఏ500కేని తిరగేసి ఫేజర్‌లో వేసి, నాబ్ మీద తెల్ల పెయింట్‌తో బాణం గీశాం, స్పీడు పెరిగే వైపుకి. లోపలున్న బయాస్ ప్రీసెట్ జోలికి పోలేదు. అది ఫేజింగ్ ఎక్కడ మధ్యస్థంగా పడుతుందో నిర్ణయించేది, స్పీడుకి సంబంధం లేదు. ముట్టుకోక తప్పకపోతే మార్కర్‌తో ముందు చుక్క పెట్టుకోవాలి.

జులై 17

ఒకటో పెడల్ లెవెల్ కూడా కొంచెం గరగరమంటోందని చివర్లో తేలింది. 100కే. డీసీ లేదు, క్లీనర్‌తో పోయింది. ఒకవేళ పోకుండా ఉంటే, "10కే చేతిలో ఉంది, వాల్యూమే కదా" అని వేసే అలవాటు గురించి ఒక మాట రాయాలి. వాల్యూమ్ కంట్రోలు ముందు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటే, 100కేతో కింది హద్దు (దానికంటే కింది స్వరాలు తగ్గిపోయే చోటు) 16 హెర్ట్జ్. 10కేతో అది 159కి లేస్తుంది. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. శబ్దం వస్తుంది, కానీ ఒళ్లు ఉండదు.

అలాగే లాగ్ లేనిచోట లీనియర్‌ని లాగ్‌లా వంచడం వాల్యూమ్‌లో చేయొచ్చు: బి100కే మధ్య కాలికీ ఎడమ కాలికీ మధ్య 15కే. సగంలో వచ్చేది 19 శాతం, లాగ్‌కి దగ్గరే. కాకపోతే నిండుగా తిప్పినప్పుడు ముందు భాగానికి కనిపించే బరువు 13కేకి పడిపోతుంది. ముందు ఆప్ ఆంప్ (సిగ్నల్ పెంచే ఐసీ) ఉంటే అది మోస్తుంది. ఒంటి ట్రాన్సిస్టర్ కలెక్టర్ ఉంటే కుంగిపోతుంది. ఫజ్‌లో చేయకండి.

ముసురు పట్టింది. ఐరన్ వేడికీ గాలి చెమ్మకీ జాయింట్ల మీద బూడిద రంగు పొర వస్తోంది, ఫ్లక్స్ ఎక్కువ పడుతోంది. ఫ్లక్స్ మిగిలితే ఈ గాలిలో చిలుము పట్టేస్తుంది, ఐసోప్రొపైల్‌తో కడిగాం. రెండో పెడల్ వాపసు ఇచ్చేటప్పుడు మెడల చుట్టూ పెట్టె పైనుంచి సన్నని రబ్బరు వాషర్లు వేశాం, ఉప్పు గాలి లోపలికి పోయే దారి నాబ్ కిందే కాబట్టి.

జులై 24

సి500కే వచ్చింది, ఈసారి సంచి మీదా ఒంటి మీదా సి504. సగంలో ఎడమ, మధ్య కాళ్ల మధ్య 421. ఫేజర్‌లోంచి ఏ500కే తీసి ఇది వేశాం. లేచిన మొట్ట దగ్గర తీగ జాయింట్ మళ్లీ వేడి తగిలించినా నిలిచింది. నాబ్ ఇప్పుడు కుడికి తిప్పితేనే స్పీడు. తెల్ల బాణం థిన్నర్‌తో తుడిచేశాం, నాబ్ అంచున గీత మటుకు కొంచెం మిగిలింది.